ఇరవై నాలుగు వేల సంచీ

తార్నాకలో మా ఇంటికి ఆదివారం నాడు వచ్చే చుట్టాలలో మా మేనకోడలు ముఖ్యురాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్నది. ఆరు రోజులు హాస్టలు సాంబారు తిన్న మనిషికి ఏడో రోజున మేనమామ ఇల్లు గుర్తుకు రావడంలో వింత ఏమీ లేదు. అయితే ఆ ఆదివారం ఆమె వచ్చింది భోజనానికి మాత్రమే కాదు.

కాఫీ గ్లాసు కింద పెట్టి, ఫోను నా కళ్ళ ముందుకు తెచ్చి, "మామయ్యా, ఇది చూసి మీ అభిప్రాయం చెప్పాలి" అన్నది.

నల్లగా, ఉబ్బుగా, కాళ్ళూ తలా లోపలికి ముడుచుకున్న తాబేలులాంటి వస్తువు ఒకటి అందులో కనిపించింది.

"ఏమిటే ఇది?"

"బ్యాక్‌ప్యాక్. ప్రయాణాలకు వీపున తగిలించుకొనే సంచీ."

"ఎంత?"

"24,000."

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చింది. "లోపల బంగారం పెట్టి ఇస్తారటే?" అని అడిగింది.

పెద్దవాడిని గనుక ఇటువంటి సమయంలో ఉపన్యాసం ఇవ్వడం నా విధి. మా నాన్నగారు ఒక ట్రంకుపెట్టె, ఒక హోల్డాలు, ఒక మరచెంబుతో యావద్భారతం తిరిగి వచ్చారని చెప్పాను. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్న సామెత కూడా ప్రయోగించాను. పరిశోధక విద్యార్థులకు జె. ఆర్. ఎఫ్. కింద ఇచ్చే వేతనం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అందులో మూడింట రెండు వంతులు ఒక సంచీకి ధారపోయడం ఏ శాస్త్రంలో ఉన్నదని నిలదీశాను. నెలనెలా ఆమె ఇంటికి పంపే డబ్బుతో తమ్ముడు చదువుకుంటున్నాడన్న సంగతి కూడా నాకు తెలుసును.

ఆ పిల్ల అంతా విని, "మామయ్యా, మొన్న వానాకాలంలో ఏం జరిగిందో మీకు చెప్పలేదు" అన్నది.

తడిసిన పుస్తకం

ఆమె పరిశోధన ఆడవాళ్ళు నాట్లు వేసేటప్పుడు పాడే పాటల మీద. ఉస్మానియాలో ఇటువంటి పనికి పెద్ద వంశమే ఉన్నది. అక్కడ తెలుగు ఆచార్యులుగా పని చేసిన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి, తరువాత ఎందరికో దారి చూపించారు. ఆ పని గదిలో కూర్చుంటే సాగేది కాదు. పాట ఉన్న ఊరికి మనిషి వెళ్ళాలి. బస్సు దిగి నడవాలి. ఎవరింటి అరుగు మీదనో పడుకోవాలి.

జూలై నెలలో నల్లగొండ జిల్లా పల్లెలలో తొమ్మిది రోజులు తిరిగి మా అమ్మాయి తిరుగు ప్రయాణం అయింది. భుజాన ఉన్నది 1,800 రూపాయలు పెట్టి కొన్న సంచీ. బస్సు స్టాండు చేరేలోగా ఒక పక్క పట్టీ కుట్టుతో సహా ఊడి వచ్చింది. సంచీని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకోవలసి వచ్చింది. చేతులు రెండూ సంచీకే సరిపోతే ఇక గొడుగు విప్పేది ఎవరు? అంతలో వాన వచ్చింది. సంచీ తడిసింది. అందులోని బట్టలు తడిశాయి. బట్టల మధ్యన భద్రంగా పెట్టుకున్న నోటు పుస్తకం తడిసి ముద్ద అయింది.

"పాటలు ఫోనులో ఉన్నాయి గదా?" అన్నాను.

"పాటలు ఉన్నాయి. ఏ పాట ఎవరు పాడారు, వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఫలానా మాటకు ఆ ఊళ్ళో అర్థం ఏమిటి, ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. జెల్ పెన్నుతో రాశాను. నీలం మరక తప్ప ఏమీ మిగలలేదు. అందులో పదకొండు పాటలు ఒకే ముసలమ్మ పాడింది. మళ్ళీ వెళ్ళి అడుగుదామనుకున్నాను. దసరా ముందు ఆమె పోయింది."

ఇక నా ఉపన్యాసం సాగలేదు. ఇరవై నాలుగు వేలు ఆమెకు సోకు కాదు. ఇంకోసారి అలా జరగకూడదన్న భయానికి కట్టిన ధర అది. అయినా భయంతో కొన్న వస్తువు భయాన్ని తీరుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ సంగతి తేల్చి చెబుతానని పది రోజులు గడువు అడిగాను.

మా అటక మీది కళేబరాలు

మొదటి సాక్ష్యం మా ఇంట్లోనే దొరికింది. దొరికింది అనడం కన్నా మా ఆవిడ దొరికించుకున్నది అనడం న్యాయం. "పిల్లకు పొదుపు చెప్పేముందు మన అటక చూసుకోండి" అన్నది.

నిచ్చెన వేసి చూస్తే ఆరు సంచీలు, పెట్టెలు బయటపడ్డాయి. ఒక చక్రం లేని పెట్టె, 2,400. జిప్పు పోయిన చేతిసంచీ, 700. లోపలి పూత పొట్టు రాలినట్లు రాలిపోతున్న కంప్యూటరు సంచీ, 1,500. పిడి విరిగినది, 1,900. తాళం మొరాయించినది, 3,200. ఆరవది ఎవరి పెళ్ళిలోనో బహుమతిగా వచ్చింది. అది మాత్రం దిట్టంగా ఉన్నది, ఎన్నడూ వాడలేదు గనుక. మొత్తం లెక్క కడితే పన్నెండేళ్ళలో నేను చవకగా కొన్న సంచీలకు 9,700 రూపాయలు అయినాయి. ఒక్కటీ పనికి రాదు.

కాబట్టి చవకే పొదుపు అన్న నా వాదం అటక మీదనే కూలిపోయింది. అంతమాత్రం చేత ఖరీదే నాణ్యం అన్న వాదం గెలిచినట్లు కాదు. పూత రాలిన ఆ కంప్యూటరు సంచీ చెప్పే నీతి అదే. వానను ఆపడానికి గుడ్డకు లోపలి వైపున వేసే పాలీయూరితేన్ పూత గాలిలోని తేమకు కొన్నేళ్ళలో విడిపోతుంది. జిగురుగా మారుతుంది, వాసన వేస్తుంది, పొరలుగా ఊడుతుంది. వాడినా సరే, అటక మీద దాచినా సరే. ఈ జబ్బు 1,500 సంచీకీ రావచ్చు, 24,000 సంచీకీ రావచ్చు. జీవితాంతం మన్నుతుందన్న మాట విన్నప్పుడు ఎవరి జీవితాంతం అని అడగడం మంచిది.

వీధి మొదట్లో కూర్చొని సంచీలు బాగుచేసే మనిషి దగ్గరికి రెండు తీసుకువెళ్ళాను. ఒకదానికి జిప్పు మీద జారే బిళ్ళ మార్చాడు, 60 రూపాయలు. మరొకదానికి పిడి కుట్టాడు, 80 రూపాయలు. "జిప్పు పోయిందని పారేస్తారు సారూ. జిప్పు పోదు, బిళ్ళ అరుగుతుంది" అన్నాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లు, మంచి సంచీని అటక మీద పెట్టి నేను కొత్తది కొన్నానన్నమాట.

మోసేవాళ్ళు మారారు

సంచీ వీపు మీదికి ఎలా ఎక్కిందో కూడా కాస్త తెలుసుకోవలసి ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరుకున్నారు. పల్లకీ, బోయీలు, డేరాలు, పెద్ద పరివారంతో సాగిన యాత్ర అది. సామాను బరువు ఎంతన్న చింత యజమానికి లేదు, మోసే వీపులు వేరు. రైళ్ళు వచ్చిన తరువాత ట్రంకుపెట్టె వచ్చింది. దాన్ని స్టేషనులో కూలీ తల మీద పెట్టుకునేవాడు. పెట్టెలకు చక్రాలు వచ్చాక కూలీ పని తగ్గింది. చక్రం దొర్లని చోటికి వెళ్ళేవాళ్ళకు మాత్రం తమ వీపే గతి.

ఆ వీపుకు ఉపకారం చేసినవాళ్ళలో డిక్ కెల్టీ అనే అమెరికా దేశస్థుడు ఒకడు. కొండలెక్కే అలవాటున్న ఆయన 1952లో కాలిఫోర్నియాలో తేలికైన అల్యూమినియం చట్రంతో, నడుం పట్టీతో వీపుసంచీలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. కిటుకు ఏమంటే, బరువు భుజాల మీద వేలాడకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. కాళ్ళు మోసే బరువును భుజాలు మోయనక్కరలేదు. నేడు వేలకు వేలు పెట్టి కొనే ప్రయాణపు సంచీలలో నడుం పట్టీ ఉండడానికి కారణం ఇదే. చాలా మంది దాన్ని అలంకారం అనుకొని వేలాడదీసుకు తిరుగుతారు. అది లేకపోయినా, ఉండీ బిగించకపోయినా, ఎంత ఖరీదైన సంచీ అయినా బడిపిల్లల సంచీతో సమానమే.

డబ్బు ఎక్కడికి పోతుంది?

24,000 సంచీలో ఏమున్నది, 1,800 సంచీలో ఏమి లేదు అన్నది తరువాతి విచారణ.

మొదటిది గుడ్డ. అంగడిలో 420 డెనియర్, 1000 డెనియర్ అని చెబుతూ ఉంటారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంటే ఇది దారం లావుకు కొలత, నాణ్యానికి కాదు. లావైన దారం రాపిడికి ఓరుస్తుంది గాని సంచీని బరువెక్కిస్తుంది. అదే లావులో నైలాను పాలియెస్టర్ కన్నా గట్టిది. ఎండకు వెలిసిపోకుండా నిలబడటంలో పాలియెస్టర్ మేలు. కాబట్టి అంకె ఒక్కటే చూసి మురిసిపోనక్కరలేదు.

రెండవది జిప్పు. దాని మీద 5, 8, 10 అని అంకెలు ఉంటాయి. మూసిన పళ్ళ వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లని అర్థం. నిండా కూరి మూసే పెద్ద అరకు 8 గాని 10 గాని కావాలి. చవక సంచీలు చాలా వాటిలో ప్రధాన ద్వారానికే 5 వేసి సరిపెడతారు.

మూడవది కుట్టు. మా అమ్మాయి సంచీ చచ్చిపోయింది ఇక్కడనే. భుజం పట్టీ సంచీతో కలిసే చోట ఒక్క వరస కుట్టు ఉంటే నమ్మరాదు. అడ్డంగా దట్టంగా, దారాలు ఒకదానిమీద ఒకటి పడేటట్లు వేసిన గట్టి కుట్టు ఉండాలి. లోపలి అంచులకు గుడ్డ పట్టీ వేసి మడిచి కుట్టి ఉండాలి. పోగులు వేలాడుతుంటే దించి పెట్టేయడమే. దీనికి శాస్త్రజ్ఞానం అక్కరలేదు. సంచీని లోపలికి తిరగేసి చూస్తే మన బామ్మలు కూడా చెప్పగలరు.

నాలుగవది వీపు వైపున ఉండే చట్రం, మెత్త. అయిదవది పేరు. సంచీ మీద చిన్న గుడ్డముక్కగా కుట్టి ఉండే ఆ పేరుకు ఎంత ఇచ్చుకుంటున్నామో చిల్లులో చెప్పలేము గాని, కొంత ఇచ్చుకుంటున్నామన్నది నిశ్చయం. పరదేశం నుంచి వచ్చే సంచీ అయితే సుంకమూ, రవాణా ఖర్చులూ దాని మీద ఎక్కుతాయి.

ఇక 'జీవితకాలం హామీ' అన్న మాట. చాలా హామీలు తయారీ లోపానికి వర్తిస్తాయి గాని వాడకంలో వచ్చిన అరుగుదలకు వర్తించవు. బాగుచేసే చోటు మన దేశంలో ఉన్నదా, పంపే ఖర్చు ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద దొరికితేనే ఆ హామీకి విలువ.

తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా

ఎంత చదివినా సంచీని మోస్తే తప్ప తేలదని నిశ్చయించుకున్నాము. ఆర్ట్స్ కాలేజీ కట్టిన కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1918లో స్థాపించిన విశ్వవిద్యాలయానికి శాశ్వత భవనాలు కట్టేముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఆ తరువాత బెల్జియం దేశస్థుడైన జాస్పర్ పథకంతో 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో భవనం ప్రారంభమైంది. అంత పెద్దవాళ్ళే చూసి గాని డబ్బు ఖర్చు పెట్టలేదు. మనమెంత?

అదృష్టవశాత్తూ అమ్మాయి హాస్టలులో సీనియరు ఒకామె దగ్గర అచ్చంగా అదే సంచీ ఉన్నది. విదేశంలో సదస్సుకు వెళ్ళినప్పుడు కొనుక్కున్నదట. నాలుగు రోజులు అరువు ఇచ్చింది. మొదట దాన్ని ఉత్తదిగానే తూచాము. 2 కిలోలు! దేశంలోపలి విమానాలలో సాధారణ తరగతి ప్రయాణికులు చేత పట్టుకొని వెళ్ళే సంచీకి పరిమితి మామూలుగా 7 కిలోలు. సంచీయే 2 కిలోలు తినేస్తే మిగిలేది 5. దిట్టతనానికి ఇచ్చే ధర రూపాయలలోనే కాదు, కిలోలలో కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది.

తరువాత అయిదు కిలోల బియ్యపు సంచీ, రెండు కిలోల పుస్తకాలు అందులో పెట్టి, సాయంత్రం ఎండ తగ్గాక తార్నాక చౌరస్తా నుంచి బయలుదేరాము. ఇనుప కంచె వేసిన నాకా ఒకప్పుడు ఇక్కడ ఉండేదనీ, దానినుంచే తార్నాక అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు కంచె లేదు గాని, 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు నెత్తి మీదుగా పోతున్నది. దాని నీడలో ఉన్న కాలిబాట మీద చక్రాల పెట్టెను లాక్కుంటూ పోదామనుకునేవారికి నా సానుభూతి. ఒక చోట పలక లేచి ఉంటుంది, ఒక చోట కొబ్బరిబొండాల బండి ఉంటుంది, ఒక చోట బాటే ఉండదు. వీపుసంచీ ఎందుకు కావాలని అడిగేవారు ఇక్కడ ఒక పర్లాంగు పెట్టె లాగితే చాలు.

క్యాంపసులో అడుగు పెట్టాక చెట్ల కింద నడక హాయిగానే ఉన్నది. అయితే అమ్మాయి నడక మాత్రం మారుతూ వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు రాతి గోడలు కనిపించేసరికి సంచీని మూడుసార్లు ఎగదోసుకున్నది. సుమారు రెండు కిలోమీటర్ల నడక అయ్యాక మెట్ల మీద కూర్చొని, "భుజాలు లాగుతున్నాయి మామయ్యా. ఇంత ఖరీదైన సంచీకి ఇదేమిటి?" అన్నది.

అక్కడనే జేబులోంచి కొలత టేపు తీశాను. తల వంచితే మెడ అడుగున ఒక ఎముక బుడిపెగా తగులుతుంది. నడుం మీద చేతులు పెట్టుకొని బొటనవేళ్ళు వెనక్కి చాపితే తుంటి ఎముకల పై అంచుకు సరి అయిన గీత దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే వీపు పొడవు. అమ్మాయిది 42 సెంటీమీటర్లు వచ్చింది. ఆ సంచీ చట్రం ఇంకా పొడవైన వీపుకు చేసినది. నడుం పట్టీ తుంటి మీద పెడితే భుజం పట్టీలు గాలిలో లేస్తాయి. భుజాల మీద సరిగా కూర్చోబెడితే నడుం పట్టీ కిందికి జారుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. సీనియరు అమ్మాయి పొడగరి గనుక ఆమెకు బంగారంలా అమరింది. మనిషి పొడవును బట్టి కూడా ఇది చెప్పలేము. పొట్టివాళ్ళకు పొడవు వీపు, పొడుగువాళ్ళకు పొట్టి వీపు ఉండవచ్చు. చెప్పుల అంగడిలో కొలత చూడకుండా చెప్పులు కొనని మనం, ఇంత బరువు మోసే సంచీని బొమ్మ చూసి కొనబోతున్నాము!

కాగితం మీద లెక్క

ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాము. ఏడాదికి ఏడు ప్రయాణాలు, ఒక్కొక్కటి అయిదు రోజులు. అంటే సంచీ వీపున ఉండేది 35 రోజులు.

1,800 సంచీ రెండేళ్ళు వచ్చింది. 70 రోజులకు పంచితే రోజుకు ఇంచుమించు 26 రూపాయలు. 24,000 సంచీ పదేళ్ళు వస్తుందనుకున్నా 350 రోజులకు పంచితే రోజుకు 69 రూపాయలు. రోజుకు 26 పడాలంటే అది 26 ఏళ్ళకు పైగా రావాలి. మధ్యరకం సంచీ 6,500 పెట్టి కొని ఆరేళ్ళు వాడితే 210 రోజులకు రోజుకు 31.

"చూశావా, చవకదే గెలిచింది" అన్నాను, కాస్త గర్వంగా.

"పుస్తకం ఖరీదు ఎందులో కలిపారు?" అన్నది అమ్మాయి.

జవాబు చెప్పలేకపోయాను. నిజమే. చవక సంచీ తెగే రోజు ఏ రోజో మనం ఎంచుకోలేము. ఇంట్లో తెగితే నష్టం లేదు. వానలో, ఊరు కాని ఊళ్ళో తెగితే సంచీ ధర లెక్కలోకే రాదు. కాబట్టి పట్టీ తెగకూడదు అన్నది మొదటి షరతు. అందుకు 1,800 చాలదు. అయితే 24,000 కావాలా? మా అటక మీది అనుభవం, వీధి చివరి బాగుచేసే మనిషి మాట, అంగడిలో తిరగేసి చూసిన కుట్లు, అన్నీ కలిసి చెప్పిందేమంటే, ఆరేడు వేల దగ్గర గట్టి కుట్టు, 8 అంకె జిప్పు, బిగించుకొనే నడుం పట్టీ మూడూ దొరుకుతున్నాయి. ఆ పైన పెట్టే డబ్బుకు సౌకర్యం, సొగసు, పేరు వస్తాయి. అవి తప్పు కావు గాని, అమ్మాయి భయానికి అవి మందు కావు.

వాన సంగతి

అసలు భయం వాన గదా. అరువు తెచ్చిన సంచీని ఆమె అనుమతి తీసుకొని, లోపల పాత పత్రికలు నింపి, డాబా మీద కుళాయి కింద పావుగంట పెట్టాము. గుడ్డ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి. చూడముచ్చటగా ఉన్నది. తెరిచి చూస్తే జిప్పు పక్కనున్న పత్రికలు తడిశాయి. నీటిని తట్టుకొనే గుడ్డ వేరు, నీరు చొరని సంచీ వేరు. గుడ్డ ఎంత మంచిదైనా సూది పొడిచిన ప్రతి రంధ్రం, జిప్పులోని ప్రతి పన్ను నీటికి వాకిలే. కుట్టు లేకుండా అతికి, నోరు చుట్టి మూసే సంచీలు నీటిని ఆపుతాయి. అవి పడవల మీద వెళ్ళేవాళ్ళ కోసం చేసేవి. అటువంటి చిన్న సంచీ ఒకటి కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పెద్ద సంచీ లోపల దాన్ని పెట్టి, దానిలో పుస్తకం పెడితే, పైది తడిసినా బాధ లేదు.

ఇంకా చవక మందు మా ఆవిడ చెప్పింది. "జెల్ పెన్నుతో ఎందుకు రాశావే? పెన్సిలుతో రాస్తే తడిసినా చెరగదు గదా" అన్నది. జెల్ పెన్ను సిరా నీటితో కలిపి చేసేది, చాలా రకాలు తడి తగిలితే పరుగెత్తుతాయి. బాల్ పెన్ను సిరాలో నూనె ఉంటుంది, అది నిలుస్తుంది. పెన్సిలు గీతకు నీళ్ళంటే లక్ష్యమే లేదు. ఏ రోజు రాసిన పుటలు ఆ రాత్రే ఫోనులో ఫోటో తీసి దాచుకోవడం మూడో జాగ్రత్త. ఈ మూడూ కలిసినా వెయ్యి రూపాయలు దాటవు. ఆ పని 24,000 సంచీ ఒక్కటే చేయలేదు.

ఎవరు కొనవచ్చును?

ఖరీదైన సంచీ దండగ అని నేను తీర్పు చెప్పడం లేదు. ఏడాదిలో ఏ నూరు రోజులో సంచీ వీపునే ఉండేవారు, కంప్యూటరూ కెమేరా వంటి విలువైన వస్తువులు మోసేవారు, విమానంలో చేతిసంచీతోనే వెళ్ళి వచ్చేవారు, వేసుకొని చూసి కొలత సరిపోయినవారు కొంటే సార్థకమే. వాళ్ళ లెక్కలో పదేళ్ళకు రోజుకు 24 రూపాయలే పడుతుంది. అప్పు చేసి కొనేవారు, ఏడాదికి రెండుసార్లు తిరుపతికీ పెళ్ళిళ్ళకూ వెళ్ళేవారు, ఇతరుల వీపున చూసి ముచ్చటపడేవారు ఆగడం మంచిది. పిండి కొద్దీ రొట్టె అన్నారు. రొట్టె ఎంతమందికో తెలిశాక గదా పిండి కలపాలి!

కొనేవారు మూడు పనులు చేయాలి. బరువు నింపి, అంగడిలోనే అరగంట మోయాలి. లోపలికి తిరగేసి కుట్లు చూడాలి. బాగుచేసే మార్గం అడగాలి. అంగడివాడు విసుక్కుంటే మరో అంగడి ఉన్నది.

మా అమ్మాయి చివరికి 6,500 పెట్టి తన వీపుకు సరిపోయే సంచీ కొన్నది. మా అటక మీద నుంచి దిగి బాగుపడిన చేతిసంచీ ఆమె తమ్ముడికి చేరింది. మిగిలిన డబ్బు ఏం చేస్తావని అడిగితే, పోయిన ముసలమ్మకు ఒక చెల్లెలు ఉన్నదట, ఆమె ఊరికి రెండుసార్లు వెళ్ళి వస్తానన్నది. అక్క పాడిన పాటలలో కొన్నయినా ఆమెకు వస్తాయేమోనని ఆశ.

మొన్న ఆ ఊరి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. హబ్సిగూడ నుంచి తార్నాక దాకా కుండపోత. గుమ్మంలో నిలబడేసరికి సంచీ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అయ్యో, కొత్త సంచీ కూడా ఇంతేనా?" అన్నది మా ఆవిడ, తువ్వాలు అందిస్తూ.

అమ్మాయి చేతులు తుడుచుకొని, లోపలి నుంచి చిన్న సంచీ తీసి, చుట్టిన మూతి విప్పి, పుస్తకం నా చేతిలో పెట్టింది. పొడిగా ఉన్నది. మొదటి పుటలో పెన్సిలుతో నాలుగు పాటల పేర్లు రాసి ఉన్నాయి.

"సంచీ తడిసింది అత్తయ్యా. పుస్తకం తడవలేదు" అన్నది.